ఒక్క చక్రమే ఎందుకు తిరుగుతుంది?

 

నేను కామర్సు చదివి, బ్యాంకులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. ఇంజను సంగతి వీడికెందుకని నవ్వకండి. ఒకసారి వానల్లో బట్లహళ్ళి దగ్గర మట్టిదారిలో మా పాత మారుతి 800 దిగబడింది. లోపల మా కోడలు నొప్పులు పడుతోంది. ముందు ఎడమ చక్రం బురదలో గిర్రున తిరుగుతోంది. గట్టినేల మీదున్న కుడి చక్రం కదల్లేదు. యాక్సిల్ విరిగిందన్నారు అందరూ. విరగలేదు.

1983లో వచ్చిన మారుతి 800లో ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి గనుక నడుమ డిఫరెన్షియల్ పెట్టారు. దాని షరతు ఒక్కటే: వేగాలు వేరైనా, తిప్పే బలం రెండింటికీ దాదాపు సమానం. బురదలోని చక్రం కొద్దిపాటి బలానికే జారుతుంది. అవతలి చక్రానికీ ఆ కొద్దిపాటే అందుతుంది. ఇద్దరు భాగస్తులకు సమానంగానే ఇవ్వాలన్నప్పుడు, ఒకరు పది రూపాయలకు మించి తీసుకోలేకపోతే రెండోవారికీ పదే కదా!

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ గుంట లోతైంది. అటుగా వచ్చిన రైతు ఒకాయన జారే చక్రం కింద కంకర, గోనెసంచి వేశాడు. మమ్మల్ని దూరం జరగమని, మెల్లగా తోలించాడు. బండి కదిలింది. చింతామణి ఆసుపత్రికి వేళకు చేరాం. ఆయన ట్రాక్టరులో రెండు చక్రాలనూ కలిపి తిప్పే డిఫరెన్షియల్ లాక్ ఉంది. ఆ అనుభవమే మమ్మల్ని గట్టెక్కించింది.

పిల్లలూ, ఈ విద్యార్థివేతనమూ ఆ కంకర లాంటిదే. పట్టు దొరికాక, మెల్లగా ముందుకు సాగండి.