ఏడుపుకూ ఒక పాట
(డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి పెద్దలు వివరంగా చెప్పినారు. నేను మన మనుమలు, మనుమరాండ్ల గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. పిల్లలు మనసులో ఉన్నది ఆటపాటలతో బయటపెట్టుకోవడం ఎట్లా నేర్పాలన్నది నా విషయం. నేను సంగీతం నేర్చినవాణ్ణి కాను, ముప్పై యేండ్లు ఫైళ్లు కట్టినవాణ్ణి. తప్పులుంటే మన్నించండి.

మొదట నా తప్పు ఒప్పుకుంటాను. మా పెద్దవాడికి తొమ్మిదేండ్లప్పుడు మా నాయన పోయినాడు. వాడు రోజూ తాత పక్కలో పడుకున్న పిల్లవాడు. శవం ముందు గొంతెత్తి ఏడిస్తే, "మొగపిల్లవాడివి, నలుగురిలో ఏడుస్తావా?" అని గద్దించి లోపల కూర్చోబెట్టినాను. వాడు నోరు మూసుకున్నాడు. ఇప్పుడు వాడికి యాభై దగ్గర పడ్డది. ఫోన్ చేస్తే "మందులు వేసుకుంటున్నావా" అని అడిగి పెట్టేస్తాడు. నిరుడు తల్లి పోయినప్పుడు వాడి కంట చుక్క నీరు రాలేదు. టెంటుకెంత, వంటలకెంత అని మూడు రోజులు లెక్క రాసినాడు. ఆ కాగితం చూసి నేనే ఏడ్చినాను. అంకెలు అచ్చం నా అంకెలే.

మన చిన్ననాడు ఈ చదువుకు పేరు లేదు గాని, చదువు ఉండేది. బొడ్డెమ్మనే తీసుకోండి. బతుకమ్మకు ముందు భాద్రపదంలో వచ్చే పెండ్లికాని పిల్లల పండుగ. పుట్టమన్ను తెచ్చి మెట్లు మెట్లుగా గద్దె వేసి, అలికి, పూలు పెట్టి, చుట్టూ తిరుగుతూ చప్పట్లతో పాడుతారు. రాత్రి జోలపాట పాడి బొడ్డెమ్మను నిద్రపుచ్చుతారు. చివరి రోజు బావిలోనో చెరువులోనో వదిలి వస్తారు. తాను చేసి, తాను నిద్రపుచ్చినదాన్ని తానే నీళ్లపాలు చేసి ఇంటికి రావాలి! ఆరేండ్ల పిల్లకు ఎడబాటు అంటే ఏమిటో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు? ఆ తర్వాత బతుకమ్మ చుట్టూ తల్లుల వెనుక తిరిగేటప్పుడు అత్తింటి కష్టాలు, అన్న కోసం ఎదురుచూపులు, అర్థం తెలియకముందే నోటికి వచ్చేస్తాయి. అవసరం పడ్డనాడు మాట వెతుక్కునే పని లేదు.

మొగపిల్లలకు కాముని పున్నమికి జాజిరి. కోలలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగేది. పెట్టినవాణ్ణి పొగిడి, పెట్టనివాణ్ణి పాటలోనే తిట్టేది. ఏడాదంతా దాచుకున్న ఉక్రోషం ఆ కోలల చప్పుడులో పోయేది. కాని తాళం తప్పితే పక్కవాడి వేళ్లు చితుకుతాయి, కాబట్టి కోపం కూడా తాళంలోనే ఉండాలె.

ఇక పీరీల పండుగ. ముస్లిం ఇల్లు ఒక్కటి లేకున్నా పీర్లను ఎత్తే ఊళ్లు మన వైపు ఉన్నాయి. క్రీ.శ. 680లో కర్బలాలో అమరుడైన హుసేన్ కోసం తెలుగులో పాడుతూ గుండం చుట్టూ అడుగులు వేసినాము. మా నాయన ఏడవగా నేను చూసింది ఆ గుండం దగ్గరనే. మరెక్కడా చూడలేదు. అది చూసి పెరిగిన నేను నా కొడుకును ఎందుకు గద్దించినానో నాకే తెలియదు. నౌకరీలో పడి నేర్చుకున్న మర్యాద కావచ్చు.

అప్పటి మన నల్లగొండ జిల్లా సుద్దాల హనుమంతుగారు పశువులు కాసే పిల్లవాణ్ణి పలకరిస్తూ పాట కట్టినారు. 'మా భూమి' సినిమాలో మీరంతా విన్నదే. పిల్లవాడి కష్టాన్ని పక్కన కూర్చొని అడిగినట్టుంటుంది. పాలమూరు నుంచి తల్లిదండ్రులు బొంబాయి, పూనా మట్టిపనులకు పోతే ముసలివాళ్ల దగ్గర మిగిలిన పిల్లలను మనం చూసినాము. "అమ్మ మీద బెంగగా ఉన్నదా?" అంటే లేదనే అంటాడు. చేతికి కోలలిస్తే, కొట్టే తీరులో తెలిసిపోతుంది.

ఇప్పుడు స్కూలు వార్షికోత్సవాలలో పిల్లలు స్టెప్పు తప్పకుండా ఆడుతున్నారు. మొహంలో మాత్రం ఏమీ ఉండదు. తప్పు పిల్లలది కాదు. మనం బహుమతి సంగతి చెప్పినాము, పాటలో ఎవరికి ఏం జరిగిందో చెప్పలేదు. ముందు కథ చెప్పండి, అడుగు తర్వాత నేర్పండి. దుఃఖపు పాట పిల్లలకెందుకని దాటవేయకండి. బతుకమ్మకు డీజే పెట్టడం మీద నా అభిప్రాయం ఇక్కడ చెబితే పొద్దుపోతుంది.

మొన్న భాద్రపదంలో తల్లి సంవత్సరీకానికి మా వాడు కుటుంబంతో వచ్చినాడు. వాడకట్టు ఆడపిల్లలు బొడ్డెమ్మ వేస్తే మా మనుమరాలూ వాళ్లతో కలిసింది. చివరి రోజు చెరువు గట్టు మీద నానమ్మను తలచుకొని వెక్కి వెక్కి ఏడ్చింది. మా వాడు "ఊరుకో" అనబోయినాడు. నేను వాడి చేయి పట్టుకున్నాను. వాడు ఆగినాడు. బిడ్డ ఏడ్చినంతసేపూ పక్కన నిలబడ్డాడు. ఇంటికి వచ్చేదాకా నా చేయి వదలలేదు.

వచ్చే భాద్రపదంలో మన సంఘ భవనం ముందే బొడ్డెమ్మ వేద్దామని నా ప్రతిపాదన. పుట్టమన్ను నేను తెప్పిస్తాను. పాటలు వచ్చిన అమ్మలు, అక్కలు ఈరోజే కార్యదర్శిగారి దగ్గర పేర్లు రాయించండి.