చెన్నపట్టణపు కోట – మన గ్రంథాలయము
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఈ పండుగనాడు కోట కథ యేల యని మీకు తోచవచ్చును. ఆంధ్ర జిల్లాల గ్రంథాలయములకు చట్టపు అండ తొలుత లభించినది చెన్నపట్టణపు సెయింట్ జార్జి కోటలోనే. కనుక ఆ కథ మనకు పరాయిది కాదు.

ఇంగ్లీషు కంపెనీవారికి నాడు బందరులోను, నెల్లూరు తీరమున దుగరాజపట్నములోను వర్తకస్థానము లుండెడివి. దుగరాజపట్నపు అధికారి ఫ్రాన్సిస్ డే అద్దకపు బట్టలు చౌకగా దొరకు చోటు వెదకుచు దక్షిణమునకు పోయెను. ఆ తీరము విజయనగర రాజుల సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుని యేలుబడిలో నుండెను. 1639లో ఆయన కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే ఊరు చెన్నపట్టణమైనదని చెప్పుదురు. 1640 ఏప్రిల్ 23న, సెయింట్ జార్జి పండుగనాటికి, కోటలో కొంత భాగము పూర్తియైనందున దానికా పేరు వచ్చినది.

1746లో ఫ్రెంచివారు కోటను పట్టుకొని, సంధి ననుసరించి 1749లో తిరిగి యిచ్చిరి. 1758-59లో లాలీ ముట్టడించియు సాధింపలేకపోయెను. ఈ యుద్ధములలో సామాన్యులు పడిన బాధ మరువరానిది. కోటకు ఉత్తరమున దేశీయులు కాపురమున్న పేట యుండెను. శత్రువునకు చాటు దొరకరాదని, ఫిరంగులకు అడ్డుండరాదని ఆ యిండ్లను పడగొట్టి బయలు చేసిరి. ఆ బయలులోనే 1892లో హైకోర్టు భవనము వెలసినది. నేడు దావాలు నడచుచోట ఒకనాడు పొయ్యిలు వెలిగినవి.

కాలక్రమమున కోట పాలనాస్థానమయ్యెను. సైన్యపు కార్యాలయములు కొన్ని యున్నను, తమిళనాడు సచివాలయము, శాసనసభ నేడచ్చటనే గలవు. 1946 నుండి 1952 వరకు ఉమ్మడి మద్రాసు శాసనసభ అందే కూర్చుండెను. మన ప్రతినిధులును అందుండిరి. గ్రంథాలయ పన్ను వసూలుచేసి గ్రంథాలయములకే వినియోగింపవలెనను 1948 నాటి చట్టము ఆ సభలోనే రూపొందినది. 1953లో ఆంధ్ర రాష్ట్రము వేరుపడినపుడు పట్టణము మనకు దక్కలేదు. చట్టము మాత్రము మనతో వచ్చినది. 1960లో ఆంధ్రప్రదేశమునకు స్వంత చట్టమేర్పడెను.

కోటలో 1795 నాటి భవనమొకటి గలదు. తొలుత వర్తకులు బేరములాడుకొను చోటు, పిదప సైనికాధికారుల భోజనశాల, 1948లో మ్యూజియమయ్యెను. అందు కారన్‌వాలిస్ విగ్రహము గలదు. దాని పీఠముపై టిప్పు సుల్తాను కుమారులను అప్పగించు దృశ్యము చెక్కబడినది. 1947 ఆగస్టు 15న కోటపై నెగిరిన పట్టుజెండాను 2013 నుండి అదే మ్యూజియములో చూపుచున్నారు. ఓటమి గుర్తును, స్వేచ్ఛ గుర్తును ఒకే కప్పు క్రింద చూచి మన పిల్లలు చరిత్ర నెరుగగలరు.

వ్రాతలో నిలిచినందుననే దామెర్ల వారి పేరు నేటికిని మన కెరుకయైనది. 1996లో ఆ మహానగరము అధికారికముగా చెన్నైయైనది. మరి మన పల్లె మాటయేమి? అటకలపై పాత లెక్కల కట్టలు, ఉత్తరములు, బడి ఛాయాచిత్రములు చెదలపాలగుచున్నవి. వానిని తెచ్చి యిండు. మన గ్రంథాలయములో నొక బీరువాను వానికై కేటాయింపవలసినదిగా నిర్వాహకులను కోరుచున్నాను.