గడ్డి కోసే మిషను అసలు రంగు ఏది?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించీ, మెడికల్ రీయింబర్స్‌మెంటు గురించీ మాట్లాడటానికి నాకంటే సమర్థులు ఇక్కడ ఉన్నారు. నన్ను మాత్రం మన వరండాలో ఉన్న పాత గడ్డి కోసే మిషను గురించి పది నిమిషాలు చెప్పమన్నారు. దానికి ఏ రంగు వెయ్యాలన్న దానిపై గత ఏడాది కార్యవర్గంలో ఎంత రభస జరిగిందో మీకు తెలియనిది కాదు.

మిషను మీద ఉన్న ఇత్తడి పలకను బట్టి అది ఇంగ్లండులోని ఇప్స్‌విచ్ పట్టణంలో రాన్సమ్స్ కంపెనీ వారు చేసినది. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్నిబట్ట మీద నూగు కత్తిరించే యంత్రాన్ని చూసి, పచ్చికకు కూడా అటువంటిది చేశాడు. 1832 నుంచే రాన్సమ్స్ వారు లైసెన్సు మీద వాటిని తయారుచేశారు. మనది అంత పాతది కాదు లెండి, చేత్తో నెట్టే చిన్న మిషను. ఒక ఆఫీసు బంగళాలో పనిచేసి, కండెమ్ అయి, వేలంలో పాత ఇనుము కొట్టుకు పోయి, అక్కడినుంచి తూకం లెక్కన మన సంఘానికి వచ్చింది. దాన్ని ముప్ఫై ఏళ్లు నెట్టిన తోటమాలి మన సభ్యులే. ఎనభై దాటారు. అదిగో, వెనక వరుసలో కూర్చున్నారు.

రంగు దగ్గర పేచీ వచ్చింది. అది నీలం రంగని ఒకరు, వెండి రంగని ఒకరు, చిలకాకుపచ్చ అని మరొకరు. ముగ్గురూ ఆ ఆఫీసులో పనిచేసినవారే, ముగ్గురూ కళ్లారా చూసినవారే. తోటమాలి గారిని అడిగితే "ఆకుపచ్చేనండీ, కానీ మీరనే ఆకుపచ్చ కాదు" అన్నారు. పెయింటరు వచ్చి, కాస్టిక్ సోడాతో ఒక్క పూటలో అంతా ఊడదీసి నిగనిగలాడేలా చేస్తానన్నాడు. వార్షికోత్సవం దగ్గరపడుతోంది, కార్యవర్గం సరేననబోయింది. నేను అడ్డుపడ్డాను. ఆ పాత పూతలే మనకున్న రికార్డు. రికార్డు తగలబెట్టి తరువాత ఎంక్వయిరీ వేస్తే ఏం తేలుతుంది?

అందరికీ తెలిసిన చోట కాకుండా, ఎండా చెయ్యీ తగలని చోట వెతకాలి. బోల్టు తల కింద, గడ్డి బుట్ట తగిలించే కొక్కెం వెనక, అన్నిటికంటే ముఖ్యంగా ఇత్తడి పలక కింద. ఒక పక్కన రూపాయి బిళ్లంత మేర, సన్న వాటర్ పేపరు తడిపి, గుంటలా మెల్లగా రుద్దాను. ఉల్లిపాయ పొరల్లా వలయాలు తేలాయి. పైన నీలం, దాని కింద వెండి రంగు, దాని కింద చిలకాకుపచ్చ, ఆపైన ముదురు ఆకుపచ్చ, అన్నిటికీ అడుగున ఎర్రమట్టి రంగు ప్రైమరు. మార్చి నెలాఖరున మిగిలిన బడ్జెట్టు ఏయే రంగు డబ్బాల మీద ఖర్చయిందో ఆ వలయాల్లో కనబడింది! ఎవరి కాలంలో ఎవరు చూసిన రంగు వారికి నిజమే. కంపెనీ వేసినది మాత్రం ప్రైమరును అంటుకుని ఉన్న ముదురు ఆకుపచ్చ.

తడిపి రుద్దమన్నది ఊరికే కాదు. పాత రంగుల్లో సీసం ఉంటుంది. మన దేశంలో ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పి.పి.ఎం. మించకూడదన్న నిబంధన 2016లో వచ్చి, 2017 నవంబరు నుంచి అమలైంది. అంతకుముందువి ఏవైనా పొడిగా గీకవద్దు, ముఖ్యంగా మనవలు ఆడుకునే చోట. పాత గేట్లు, ఊయల గొలుసులు, కిటికీ ఊచలు ఉన్నవారంతా ఈ మాట ఇంటికి తీసుకెళ్లండి.

ఇక నంబరు సంగతి. నేను స్టోర్సు సెక్షన్‌లో చాలాకాలం ఉన్నాను. ఇండెంటులో ఊరికే "ఆకుపచ్చ" అని రాస్తే ఫైలు వెనక్కి వచ్చేది. ఐ.ఎస్. 5 అనే భారతీయ ప్రమాణం ప్రకారం షేడు నంబరు వెయ్యాలి. బ్రిటిష్ వారు 1930లో మొదలుపెట్టిన రంగుల పట్టికలోని నంబర్లే అందులోనూ చాలావరకు ఉంటాయి. బ్రన్స్‌విక్ గ్రీన్ లేతది 225, మధ్యరకం 226, ముదురుది 227. మన మచ్చ 226కీ 227కీ నడుమ పడింది.

అక్కడే అసలు చిక్కు. నా కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది, ఎడమకంటికి ఇంకా కాలేదు. ఎడమకన్ను మూసి చూస్తే ఆ ఆకుపచ్చలో నీలం ఛాయ, కుడికన్ను మూసి చూస్తే పసుపు ఛాయ! వయసుతో కంటిలోని కటకం పసుపు తిరుగుతుంది, నీలాన్ని మింగేస్తుంది. కార్యవర్గంలో సగం మంది ఆపరేషన్ అయినవారు, సగం మంది కానివారు. మరి పేచీ రాదా? అందుకని మా మనవరాలిని కూర్చోబెట్టాను. తెల్ల అట్టకు రెండు రంధ్రాలు చేసి, ఒకదానిలో పాత మచ్చ, రెండోదానిలో కొత్త పూత కనబడేలా పెట్టి, పొద్దున పదింటికి వరండాలో చూడమన్నాను. ట్యూబులైటు కింద చూడనివ్వలేదు. పాత ఆకుపచ్చలో ప్రష్యన్ బ్లూ, సీసపు పసుపు ఉండేవి. ఇప్పటి డబ్బాల్లో వేరే పదార్థాలు. దీపం కింద కవలల్లా ఉన్నవి ఎండలోకి వస్తే విడిపోతాయి.

ఇంకొకటి. పలక కింద దొరికిన రంగును వెంటనే నమ్మరాదు. అవిసె నూనెతో చేసిన పాత రంగు చీకట్లో పడి ఉంటే పసుపెక్కుతుంది, వెలుతురు తగిలితే కొంత తేరుకుంటుంది. మిషనును కొన్ని వారాలు వెలుతురులో ఉంచాకే కలపడం మొదలుపెట్టాను. రేకు ముక్కలకు అదే ప్రైమరు, రెండేసి పూతలు, రెండేసి రోజులు ఆరనివ్వడం. ఎనామిల్ ఆరితే కాస్త ముదురుతుంది, తడి మీద తీర్పు చెప్పరాదు. ఏ పాళ్లలో ఏది కలిపానో రిజిస్టరులో రాసుకున్నాను (అలవాటు పోదు కదా!). అయిదో రేకు దగ్గర మనవరాలు "తాతయ్యా, ఏది పాతదో చెప్పలేను" అంది.

ఆ రేకు తోటమాలి గారికి చూపించాను. ఒక్క క్షణం చూసి, "ఇదేనండీ. వానపడ్డాక ఇలాగే ఉండేది" అన్నారు. తరువాత రంగు సంగతి వదిలేసి, వంగి బ్లేడు వేలితో తడిమి, "దీన్ని ఎవరు బిగించారు? ఎత్తు ఎక్కువైంది, గడ్డి నలుగుతుంది" అని మందలించారు. స్పానరు తెప్పించి ఆయనే సరిచేశారు.

కుడిపక్క, చక్రాలు, బుట్ట కొక్కేలు కొత్త రంగు వేశాం. ఎడమపక్క పాత పూతలనూ ఆ వలయాల మచ్చనూ అలాగే ఉంచాం, పైన పారదర్శకమైన వార్నిషు మాత్రం. చెక్క పిడి మీద తోటమాలి గారి చేతులకు అరిగిన చోట ఏమీ వెయ్యలేదు. రిజిస్టరు ఆఫీసు బీరువాలో ఉంది. టీ విరామంలో అందరూ వరండాలోకి వచ్చి, వెలుతురు ఉండగానే చూడండి. సెలవు.