ఎక్స్-రే యంత్రానికి స్పెసిఫికేషన్లు రాయడం
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను, ఇంజనీరునూ కాను. కొనుగోళ్ల సెక్షనులో ఫైళ్లు నడిపినవాణ్ణి. అయితే ఛాతీకో మోకాలికో ఎక్స్-రే తీయించుకోనివారు మనలో ఎవరున్నారు? అందుకే మాట్లాడతానన్నాను.

ఆ రోజుల్లో ఇండెంటులో "500 మిల్లీ ఆంపియర్ల యంత్రం ఒకటి" అని ఒక్క ముక్క ఉండేది. ఎన్ని కిలోవోల్టుల దగ్గర 500? ఆ మాట ఉండదు. 80 దగ్గరైతే సుమారు 40 కిలోవాట్లు, 100 దగ్గరైతే 50. రెండూ 500 యంత్రాలే. పని వేరు, ధర వేరు. టెండరు మాత్రం తక్కువ ధర వేసినవారికే పోతుంది. అంతర్జాతీయ ప్రమాణంలో యంత్ర శక్తిని 100 కిలోవోల్టులు, 0.1 సెకను వద్ద చెప్పమన్నది ఈ తికమక లేకుండా ఉండటానికే.

కొందరు ఏదో కంపెనీ కేటలాగును మక్కీకి మక్కీ దించేవారు. యంత్రం బరువు, రంగుతో సహా! ఇక రెండో కంపెనీ టెండరు వేయగలదా? ఆడిట్ అభ్యంతరం వచ్చి కూర్చునేది.

ఒక ఆసుపత్రికి (పేరెందుకు లెండి) కొత్త యంత్రం వచ్చింది. కంపెనీవారు తక్కువ లోడు మీద చూపించి, సంతకాలు తీసుకుని వెళ్లారు. అసలు పని మొదలయ్యాక ఎక్స్‌పోజరు ఇచ్చినప్పుడల్లా లైనులో వోల్టేజి పడిపోయేది. ఫిల్ము తేలిపోయేది. మళ్లీ తీసేవారు, అంటే రోగికి రెండోసారి కిరణాలు. "మీ కరెంటు బాగాలేదు" అని కంపెనీ, "యంత్రమే బాగాలేదు" అని విద్యుత్తువారు. డబ్బు పూర్తిగా చెల్లించేశాక ఎవరిని పట్టుకోగలం? గర్భిణులు, క్షయరోగులు బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయేవారు.

ఆ తరువాత మా సూపరింటెండెంటుగారు పట్టుబట్టి ఒక షరతు పెట్టించారు: ఆసుపత్రిలో బిగించి, అక్కడి కరెంటు మీదే, పూర్తి లోడుతో పరీక్షించాకే చివరి చెల్లింపు. కంపెనీ ప్రతినిధులు మా బల్లల చుట్టూ ఎంత తిరిగినా ఆయన కదలలేదు.

ఏం పరీక్షించాలో ఇప్పుడు స్పష్టంగా ఉంది. కిలోవోల్టులలో తేడా 5కు మించరాదు, టైమరులో 10 శాతానికి మించరాదు. ట్యూబు గూటి నుంచి కారే కిరణాలు మీటరు దూరంలో గంటకు 1 మిల్లీగ్రే దాటరాదు. 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలి ఆమోదించిన మోడలే కొనాలి, నడపడానికి లైసెన్సు ఉండాలి, కనీసం రెండేళ్లకోసారి నాణ్యతా పరీక్ష జరగాలి. ఈసారి ఎక్స్-రేకు వెళ్లినప్పుడు ఆ పరీక్ష ఎప్పుడు జరిగిందో అడగండి. చెప్పడానికి తటపటాయిస్తే వేరే సెంటరు చూసుకోండి. సెలవు.