జలుబుకు కూడా ఎమర్జెన్సీకేనా?
(నందికొట్కూరులో చెంచు యువత సమావేశంలో మాట్లాడింది)



ఈ రోజు పట్టాల గురించి మాట్లాడను. ఆస్పత్రి గురించి మాట్లాడతా.

పోయిన వానాకాలం మా అక్క కొడుక్కి రాత్రిపూట జలుబు, కొంచెం జ్వరం. అక్క భయపడి ఆటో మాట్లాడుకొని పెద్దాస్పత్రికి తీసుకుపోయింది. డ్యూటీలో ఉన్నాయన "ముక్కు కారినా ఎమర్జెన్సీకేనా? పొద్దున ఓపీకి రావచ్చు కదా" అని నలుగురిలో కసిరినాడు. వైద్యం ప్రకారం ఆయన మాట తప్పు కాదు, పిల్లోడికి నిజంగానే ఏం లేదు. కానీ నెల తిరక్కముందే వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. మళ్లీ తిడతారని అక్క రెండు రోజులు గూడెంలోనే ఉండిపోయింది. మూడో రోజు 108లో తీసుకుపోయేటప్పటికి కళ్లు లోపలికి పోయినాయి, ఏడిస్తే కన్నీళ్లు రావడం లేదు. సెలైన్ ఎక్కించి బతికించినారు.

చిన్న జబ్బులకు పిల్లల్ని ఎమర్జెన్సీకి తెస్తున్నారనే మాట అమెరికాలోనూ ఉంది. అక్కడా రాత్రిపూట, ఆదివారం వేరే డాక్టరు దొరక్కనే చాలామంది పోతారు. మనకు పగలు కూడా కష్టమే. నల్లమల లోపలి గూడెం నుంచి ఆత్మకూరుకో, ఇక్కడికో రావాలంటే ఆ రోజు కూలి పోతుంది, పైన ఆటో ఖర్చు. వచ్చేసరికి ఓపీ అయిపోతుంది. తెరిచి ఉండేది క్యాజువాలిటీ ఒక్కటే. ఆ తలుపు తట్టడం మన తప్పెట్లా అవుతుంది?

అయితే మనం నేర్చుకోవాల్సిందీ ఉంది. జలుబు చేసినా బిడ్డ పాలు తాగుతూ, ఆడుకుంటుంటే తెల్లారేదాకా ఆగొచ్చు. ఊపిరి మాత్రం లెక్కపెట్టండి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు నిండా ఒక నిమిషం. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, ఆ పైన ఐదేళ్ల దాకా 40 వచ్చినా, దాటినా ఆగొద్దు. డొక్కలు ఎగరేస్తున్నా, ఫిట్స్ వచ్చినా, పాలు తాగకపోయినా, లేపినా లేవకపోయినా అంతే, వెంటనే 108. రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్లు కాలితే చాలు, బయల్దేరాల్సిందే. విరేచనాలైతే మొదటి రోజు నుంచే ఓఆర్ఎస్ పట్టాలి, రొమ్ము పాలు ఆపొద్దు. జింకు మాత్రలు 14 రోజులు వేయాలి. విరేచనాలు కట్టగానే మనోళ్లు మాత్రలు మానేస్తారు, అది వద్దు.

వచ్చే సోమవారం నంద్యాల కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాం. ప్రతి గూడెంలో ఆశా దగ్గర ఓఆర్ఎస్, జింకు అయిపోకుండా చూడాలి. రాత్రిపూట ఫోన్ చేస్తే సలహా చెప్పే నర్సు ఒకరుండాలి. బిడ్డను ఎత్తుకొని వచ్చిన తల్లిని ముందు చూసి, తర్వాత మాట్లాడాలి. ఈ మూడే రాసినాం. మా అక్క కూడా వస్తానంది, పిల్లోణ్ణి ఎత్తుకొని.