భయం వేరు, పిరికితనం వేరు

సర్వస్తోత్రాలు సర్వలోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులపైన శాంతి శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

మన మార్కాపురం, గిద్దలూరు, రాచర్ల, కొమరోలు ప్రాంతాల పల్లెల నుండి ఎందరో యువకులు సైన్యంలో చేరుతున్నారు. నూనూగు మీసాల ప్రాయంలోనే మార్కాపురం రోడ్డు స్టేషనులో రైలెక్కి, మంచుకొండల సరిహద్దులకు తరలిపోతున్నారు. వీడ్కోలు వేళ మనం “భయపడకు నాయనా” అంటాము. అది ప్రేమతో అన్న మాటే. కానీ తొలిసారి తుపాకీ మోత విని గుండె దడదడలాడిన రాత్రి, తన ఈమాన్‌లోనే లోపముందేమోనని ఆ బిడ్డ కుంగిపోరాదు. కనుక ఈ విషయంలో మన ధర్మం ఏమి బోధిస్తున్నదో తెలుసుకుందాం.

హిజ్రీ 2వ సంవత్సరం, రమజాన్ 17వ తేదీన బద్ర్ యుద్ధం జరిగింది. ముస్లింలు 300 మందికి కొద్దిగా పైబడి ఉన్నారు. ఎదుట సుమారు 1000 మంది సైన్యం. అప్పటి వారి మనఃస్థితిని అన్ఫాల్ సూరా 5, 6 ఆయతులు తెలుపుతున్నాయి: విశ్వాసులలో ఒక వర్గానికి ఈ ప్రయాణం ఇష్టం లేకపోయింది, చూస్తూ చూస్తూ మృత్యువు వైపు వెళుతున్నట్లు వారికి తోచింది. గమనించండి! ఖుర్ఆన్ వారి భయాన్ని దాచలేదు. అయినా వారిని విశ్వాసులనే పేర్కొన్నది. అదే సూరా 11వ ఆయతు ప్రకారం, అల్లాహ్ వారికి కునుకునిచ్చి, వర్షాన్ని కురిపించి, హృదయాలను దృఢపరచాడు. భయపడిన దాసులను ప్రభువు వెలివేయలేదు, ఓదార్చాడు.

మాంత్రికుల త్రాళ్ళు కదలాడినప్పుడు మూసా అలైహిస్సలాం మనసులో సైతం భయం కలిగిందని తాహా సూరా తెలుపుతున్నది. ప్రవక్తకే కలిగిన భయం పాపమెలా అవుతుంది?

అయితే దైవప్రవక్త (స) పిరికితనం నుండి అల్లాహ్ శరణు కోరేవారు. భయం గుండెకు కలిగేది. పిరికితనం ఆ భయానికి లొంగి బాధ్యతను విడిచిపెట్టడం. మొదటిది మానవ స్వభావం, రెండవది మనం ఎంచుకునే నడవడి. శత్రువుతో తలపడాలని కోరుకోవద్దనీ, క్షేమాన్నే అర్థించమనీ, తలపడక తప్పనప్పుడు మాత్రం స్థిరంగా నిలబడమనీ ఆయన బోధించారు. కయ్యానికి కాలు దువ్వడం శౌర్యం కాదు.

బద్ర్‌కు బయలుదేరిన వారిలో ఉమైర్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఒకరు. అప్పటికి ఆయనకు పదహారేళ్ళని చరిత్రకారులు వ్రాశారు. చిన్నవాడని వెనక్కి పంపుతారేమోనన్న భయంతో ఆయన జనం మధ్య దాగుతూ తిరిగారు. దైవప్రవక్త (స) చూసి వెళ్ళిపొమ్మనగా విలపించారు. అప్పుడు అనుమతి లభించింది. కత్తి పటకా ఆ చిన్న నడుముకు నిలవకపోతే, అన్న సఅద్ (రజి) స్వయంగా ముడివేసి బిగించారు. ఉమైర్ ఆ యుద్ధంలోనే అమరులయ్యారు.

సోదరులారా! ఆ అన్న తమ్ముణ్ణి ఎగతాళి చేయలేదు, గొప్పలు చెప్పి ఉసిగొల్పలేదు. అతనికి చేతకాని ముడిని తాను వేశాడు. మన వంతు కూడా అదే. సెలవుపై ఇల్లు చేరిన కుమారుడు రాత్రివేళ ఉలిక్కిపడి లేస్తే “సిపాయివి, సిగ్గులేదా?” అనకండి. ప్రక్కన కూర్చోండి, చెప్పింది వినండి, అతని కోసం దుఆ చేయండి. యువకులారా! భయం కలిగినప్పుడు అల్లాహ్‌ను అధికంగా స్మరించండి, తోటివానికి చెప్పుకోండి, నిలిచిన చోట నిలవండి. ఆయుధం చేతిలో ఉన్ననాడు నిరాయుధుని జోలికి పోకండి.

ఓ అల్లాహ్! సరిహద్దుల్లో ఉన్న మా బిడ్డలను నీ రక్షణలో ఉంచు. వారి గుండెలకు నిబ్బరాన్ని, లోకానికి శాంతిని, ఎదురుచూసే తల్లులకు ఊరటను ప్రసాదించు. ఆమీన్.