కింది నుంచి పైకి నడిచిన లెక్క

(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నన్ను మంచినీటి పథకాల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్లుగా పైపులు వేయించినవాణ్ణి కదా. కానీ మన లెక్కల మాస్టారు ఇవాళ వచ్చారు. ఆయన ముందు ఒక తప్పు ఒప్పుకోవాల్సి ఉంది. అది పైపుల గురించి కాదు, ఒక మందు గురించి.

మూడేళ్ల కిందట మా అమ్మాయి తొలి కాన్పుకి మా ఇంటికొచ్చింది. ఇరవై ఏడో వారం స్కానింగ్‌లో బిడ్డ ఎదుగుదల బాగా వెనకబడి ఉందని తేలింది. మాయ నుంచి బిడ్డకి రక్తం సరిగా అందడం లేదు. వారానికి రెండుసార్లు డాప్లర్ స్కాన్ చేస్తూ కనిపెట్టుకుని ఉందామన్నారు డాక్టరమ్మ. “మందేమీ లేదా మేడమ్?” అన్నాను. “ఎదుగుదలకి మందు లేదండీ” అన్నారు.

నాకది మింగుడుపడలేదు. ప్రవాహం తగ్గితే వాల్వు తిప్పేవాణ్ణి నేను. ఊరికే కనిపెట్టుకుని కూర్చోవడమేమిటి?

ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. గూగుల్‌లో కొడితే ప్రోటీన్ పొడుల ప్రకటనలొచ్చాయి. తర్వాత పబ్‌మెడ్ పట్టుకున్నాను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం నడిపేది. కోట్ల వైద్య వ్యాసాల వివరాలు ఉచితంగా చూడొచ్చు. అక్కడ మొదటి చిక్కు పేర్లతోనే. మా రిపోర్టులో ఎఫ్.జి.ఆర్. అని ఉంది. పాత వ్యాసాల్లో ఐ.యు.జి.ఆర్. అంటారు. ఆ గ్రంథాలయం సూచికలో మాత్రం ఫీటల్ గ్రోత్ రిటార్డేషన్. ఒకే కాలవకి మూడూళ్ల వాళ్లు మూడు పేర్లు పెట్టుకున్నట్టు. ఒక్క పేరుతో వెతికితే కొన్ని జారిపోతాయి.

రెండో రాత్రి దొరికింది. కెనడా వాళ్లది, 2011 నాటి వ్యాసం. మందు పేరు సిల్డెనాఫిల్. నవ్వకండి, వయాగ్రాలో ఉండేది అదే. రక్తనాళాల్ని సడలిస్తుంది. బిడ్డ ఎదుగుదల బాగా దెబ్బతిన్న పదిమంది గర్భిణులకి ఇచ్చారు. తొమ్మిదిమందిలో బిడ్డ పొట్ట చుట్టుకొలత పెరిగే వేగం పుంజుకుంది. మందు వాడని పదిహేడుమందిలో ఏడుగురికే అలా జరిగింది. వాల్వు తిరిగింది! మర్నాడు సాయంత్రం మందులషాపుకెళ్లి ఒక స్ట్రిప్పు కొన్నాను. చీటీ అడగలేదు, ఇచ్చేశాడు. చొక్కా జేబులో పెట్టుకుని ఇంటికొచ్చాను. డాక్టరమ్మ ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా అప్పటికే ఆలోచించేశాను. ఏం ఆలోచించానో ఇక్కడ చెప్పను.

ఆ రాత్రి మళ్లీ కంప్యూటర్ తెరిస్తే నేను ముందురోజు కొట్టిన మాటలు కనిపించాయి. సిల్డెనాఫిల్ ఇంప్రూవ్స్ ఫీటల్ గ్రోత్ అని ఉంది. అంటే “మెరుగుపరుస్తుంది” అన్న జవాబు నేనే రాసి, దాన్నే వెతికాను.

తొమ్మిదో తరగతిలో నేను వెనక పేజీలో జవాబు చూసి, మధ్య మెట్లు కల్పించి లెక్క పూర్తి చేసేవాణ్ణి. మాస్టారు నోటుబుక్కు తిప్పి చూసి, “నీ లెక్క కింది నుంచి పైకి నడిచిందిరా” అన్నారు. సున్నా వేశారు. ఆ మాట ముప్పై ఎనిమిదేళ్ల తర్వాత అర్ధరాత్రి గుర్తొచ్చింది.

ఆ “ఇంప్రూవ్స్” తీసేశాను. చీటీలు వేసినట్టు, ఎవరికి మందో ఎవరికి ఉత్తుత్తి మాత్రో ముందే ఎంచకుండా పంచి చేసే పరీక్షలుంటాయి. అవి మాత్రమే చూపించమన్నాను. 2011 నాటి పరిశీలనలో అలా పంచలేదు. అలా పంచి చేసే పరీక్షలు జరగాలని ఆ వ్యాసంలోనే రాశారు, నేనే గబగబా దాటేశాను. ఆ పరీక్షలు తర్వాత జరిగాయి. పేరు స్ట్రైడర్. బ్రిటన్‌లో 135 మంది మీద చూస్తే గర్భం ఎక్కువ రోజులు నిలిచిందేమీ లేదు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియాల్లో బిడ్డ ఎదుగుదలకి లాభం కనబడలేదు. నెదర్లాండ్స్‌లో 2018 జులైలో పరీక్షని మధ్యలోనే ఆపేశారు. అప్పటికి మందు వేసుకున్న 93 మంది తల్లుల బిడ్డల్లో 17 మందికి ఊపిరితిత్తుల రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగే జబ్బు వచ్చింది. 11 మంది చనిపోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 90 మందిలో ముగ్గురి బిడ్డలకే ఆ జబ్బు. దానితో ఎవరూ పోలేదు. విచిత్రమేమిటంటే, పుట్టిన పిల్లలకి అదే జబ్బు వస్తే వైద్యంలో వాడే మందుల్లో ఇదొకటి.

నా పైపులో నీళ్లు ఒక్కవైపే పోతాయి. తల్లి మింగిన మందు మాయ దాటి బిడ్డ ఊపిరితిత్తుల దాకా పోతుందని నేను ఆలోచించనేలేదు.

స్ట్రిప్పులో మాత్రలన్నీ ఒక్కొక్కటే నొక్కి సింకులో పోశాను. నీళ్ల ఇంజనీరు చేయకూడని పనే. అమ్మాయికి ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు. అదుగో, మూడో వరసలో కూర్చుని ఇప్పుడే వింటోంది.

మర్నాడు డాక్టరమ్మకి చెప్తే ఆవిడ కోప్పడలేదు. ఆ పరీక్ష ఆగిపోయిన సంగతి ఆవిడకి అప్పుడే తెలుసు. ఆస్పిరిన్ లాంటిది ముప్పు ఉన్నవాళ్లకి పదహారో వారం లోపే మొదలుపెట్టాలి, మనకి ఆ సమయం దాటిపోయిందన్నారు. నెలలు నిండకుండా కాన్పు చేయాల్సి వస్తే మాత్రం బిడ్డ ఊపిరితిత్తులకి పనికొచ్చే ఇంజెక్షన్ ఉందన్నారు. డెక్సామెథసోన్. పన్నెండు గంటలకొకటి చొప్పున నాలుగు. ఈ స్టిరాయిడ్ల సంగతి న్యూజిలాండ్‌లో 1972లోనే రాశారు. ఆ తర్వాత వచ్చిన చిన్న చిన్న పరీక్షలు విడివిడిగా చూస్తే చాలావాటిలో తేల్చి చెప్పలేని ఫలితాలు, కలిపి చూస్తే స్పష్టమైన లాభం. వైద్య పరీక్షల్ని అలా కలిపి బేరీజు వేసే కాక్రేన్ అనే సంస్థ గుర్తులో ఉన్న అడ్డగీతలు ఆ పరీక్షలవే. ఆ గుర్తుని మూడు రాత్రులు చూశాను, అలంకారమనుకున్నాను.

ముప్పై ఒకటో వారంలో బొడ్డుతాడులో రక్తం గుండె చప్పుడుకీ చప్పుడుకీ మధ్య వెనక్కి మళ్లడం మొదలైంది. స్టిరాయిడ్ ఇంజెక్షన్లు పూర్తయ్యాక ఆపరేషన్ చేశారు. 1,120 గ్రాములు. మా అల్లుడు రోజూ గంటల తరబడి పాపని గుండెకానించుకుని కూర్చునేవాడు. నలభై ఒక్క రోజులకి ఇంటికి తెచ్చుకున్నాం. ఇందాక మైకు వైరు లాగిన పిల్ల అదే.

మాస్టారూ, ఆ సున్నా సరైనదే.

పిల్లలూ, ఎవరికైనా ఈ వెతకడం చూడాలనుంటే, భోజనాలయ్యాక తొమ్మిదో తరగతి బి సెక్షన్ గదిలో ల్యాప్‌టాప్‌తో కూర్చుంటాను. వచ్చేటప్పుడు ఇంట్లో ఎవరైనా వాడుతున్న మందు పేరు ఒకటి రాసుకురండి.